తవ్వలో పదో గింజ

నేనొక భయస్తురాలైన తవ్వను. ఇత్తడిదాన్ని. నాలో రెండు సోలల బియ్యం పడతాయి. ఎవరు చేత్తో ఎత్తినా ముందు నాకొచ్చే ఆలోచన ఒక్కటే: జారిపడితే? పడ్డాను కూడా, రెండుసార్లు. నడుం మీది సొట్టే సాక్ష్యం. అయితే భయం ఎంతుందో, ఆరా తీసే బుద్ధీ అంతే ఉంది. పైకి తెరిచిన నోరు కదా, పైనుంచి ఏం వచ్చి పడుతుందా అని ఎదురుచూడటమే నా బతుకు.

కంచరి నన్ను కాల్చి, సుత్తితో కొట్టి, చింతపండుతో తోమి ఎండలో పెట్టిన రోజు లీలగా గుర్తుంది. మొదట ఒక ఆసామి ధాన్యపు కొట్టులో చేరాను. అక్కడి గుమాస్తా నన్ను బొటనవేలు లోపలికి పెట్టి పట్టుకునేవాడు. కూలికొచ్చిన ఆడవాళ్లకు ఆ బొటనవేలంత గింజ తక్కువ పడేది. సాయంత్రాలు అతను కళ్లు మూసుకుని భజన చేసేవాడు. మనుషులు చిత్రమైనవాళ్లు. కొలత ‘ఒకటి’తో మొదలవదని అక్కడే నేర్చుకున్నాను. మొదటి తవ్వ పోస్తూ ‘లాభం’ అంటారు, ఆ తర్వాతే రెండు, మూడు. మొదలుపెట్టేటప్పుడు మంచి మాట అనుకోవాలట.

కొట్టు మూతపడ్డాక పాతసామాన్ల గోతంలోంచి దానమ్మ అనే ఆమె నన్ను బేరమాడి తెచ్చుకుంది. గుంటూరు జిల్లాలో మిరపచేల మధ్య ఒక పేట అది. అందులో కొన్ని కుటుంబాలు యూదులు. శనివారం పొయ్యి వెలిగించరు. శుక్రవారం పొద్దు గూకకముందే వంట ముగించి దీపాలు పెడతారు. దానమ్మ పోతూ పోతూ పెద్దకోడలు సిప్పోరమ్మకు రోలు, చిన్నకోడలు కెజియాకు నన్ను ఇచ్చింది. ఇళ్ల మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం.

పెళ్లైన ఆరేళ్లకు కెజియాకు ఆడపిల్ల పుట్టింది. మూడు రోజులుండి వెళ్లిపోయింది. ప్రార్థనకు పదిమంది మగవాళ్లు ఉండాలని వీళ్ల నియమం. ఆ పదిమందీ సమాజమందిరంలో కూడి ప్రార్థన చేశారు. ఆడవాళ్లు వెనక నిలబడి కళ్లు తుడుచుకుని ఇళ్లకు పోయారు. ఆ తర్వాత రెండు నెలలు కెజియా గడప దాటలేదు, పొయ్యి దగ్గరకూ రాలేదు. మొగుడు ఓబేదు గ్లాసుతో ఇన్ని బియ్యం పోసి వండేవాడు. నన్ను అలమరలో బోర్లించారు. బోర్లించిన తవ్వకు ఏం కనబడుతుంది? చీకటి, ఒక సాలీడు.

ఒక రోజు ఒక చెయ్యి నన్ను వెల్లకిలా తిప్పింది. సిప్పోరమ్మ చెయ్యి అది.

ఆమె సంగతి చెప్పాలి. అయిదో తరగతి చదివింది. పిల్లాడు రెండుసార్లు దగ్గితే క్షయ అనుకుంటుంది, కూతురు బస్సు పావుగంట ఆలస్యమైతే కాలవలో పడిందనుకుంటుంది. భయంలో మేమిద్దరం అక్కచెల్లెళ్లం.

“కెజియా, ఈ తవ్వ రెండు రోజులు తీసుకెళ్తానే.”

“తీసుకో అక్కా.” గోడవైపు తిరిగి పడుకున్న కెజియా ఇటు తిరగలేదు.

సిప్పోరమ్మ ఇంకో మాట నాలుక చివరిదాకా తెచ్చుకుంది. మింగేసి నన్ను కొంగులో దాచుకుని వచ్చేసింది. ఏమిటా మాట అని నాకు ఒకటే ఆత్రం.

దారిలో ఆమె తనలో తాను గొణుక్కుంటుంటే సంగతి కొంత తెలిసింది. నెల తొలినాడు పూర్వం యూదు స్త్రీలు పని మానేసి కూడేవారని ఆమె మందిరంలో వింది. అమావాస్య వెళ్లిన మర్నాడు తన వాకిట్లో అలా ఆడవాళ్లను కూర్చోబెట్టాలి. ఒక దీపం, ఒక కీర్తన, ఆ తర్వాత ఎవరి గుండెలో ఉన్నది వాళ్లు చెప్పుకోవడం. ఇదంతా కెజియా కోసమే. ఆడవాళ్లకూ పదిమంది ఉండాలని ఆమె గట్టిగా నమ్మింది, తక్కువైతే కీడు జరుగుతుందేమోనని హడలింది. పైగా వీళ్లలో మనుషుల్ని తలకాయలు పట్టి లెక్కపెట్టకూడదు. అందుకని వస్తానన్న ప్రతి మనిషీ నాలో ఒక చింతగింజ వెయ్యాలి. బియ్యం కొలిచిన నేను మనుషుల్ని కొలవడం మొదలుపెట్టాను.

మిరపకోతలకు పోయే ఎలీషెబ నడుం పట్టుకుని నవ్వింది. “ఆ రోజు ఆడోళ్లకి సెలవా? ఆ మాట మా ముఠా మేస్త్రితో చెప్పిరా వదినా, గింజ నేనే ఎతుక్కుని ఏస్తా.” నవ్వుతూనే వేసింది.

దెబోరమ్మ తలుపు ఓరగా తెరిచింది. “అమావాస్య గడియలు ఇంకా మిగిలుంటే ఏం గతి?”

“నాకూ అదే భయంగా ఉంది. నువ్వు పక్కనుంటే కాస్త ధైర్యం,” అంది సిప్పోరమ్మ. తన భయం చూపించి మనిషిని పిలవడం నేనెక్కడా చూడలేదు. దెబోరమ్మకు గింజ వెయ్యక తప్పలేదు.

ముసలి నయోమి మామ్మ అయితే, “నన్ను పిలవటానికి ఇన్నేళ్లు పట్టిందటే నీకు!” అని తిట్టి మరీ వేసింది.

అలా ఎనిమిది పడ్డాయి. తొమ్మిదోది సిప్పోరమ్మ తనది వేసుకుంది. పదోది తీసుకుని చాలాసేపు చూసి, నాలో వెయ్యకుండా కొంగున ముడేసుకుంది.

అమావాస్య మర్నాడు సాయంత్రం ఎండ ఇంకా గోడమీద ఉండగానే చాప నిండింది. నన్ను మధ్యలో పెట్టారు. దీపం సిద్ధం. సిప్పోరమ్మ మాత్రం అగ్గిపెట్టె పట్టుకుని గోడవైపే చూస్తోంది.

“పదిమంది కాలా మామ్మా.”

“ఆ లెక్క మగోళ్లది. మనకెవరు పెట్టారు? ఆ పదోది ఎవరు?”

“కెజియా.”

“రానందా?”

“నేను అడగలా.”

మామ్మ చాపమీద ముందుకు జరిగింది.

“పేటంతా తిరిగావు, గోడ పక్కనున్నదాన్ని అడగటానికి నోరు రాలా?”

“కాదంటే? ఒకసారి కాదందంటే ఇంక ఏ మొహంతో పోయి పిలవను? అడక్కపోతే ఇంకా ఆశ ఉంటదనుకున్నా.”

అప్పుడే గోడ అవతల జుట్టు రేగిన తల కనబడింది. కెజియా. గోడ దిగి నేరుగా చాపమీదికి నడిచి వచ్చింది.

“నా తవ్వ నాకియ్యి.”

నన్ను ఎత్తి బోర్లించింది. గింజలు చాపంతా దొర్లాయి.

“అందర్నీ పిలిచావంట. బిడ్డ పోయినదాన్ననేగా నన్ను పిలవలా? నా నీడ పడకూడదు, నా తవ్వ మాత్రం కావాలి!”

సిప్పోరమ్మ పడిన భయాలన్నిట్లో ఇదొక్కటే లేదు. అదే జరిగింది. ఆమె కొంగు ముడి విప్పబోయింది, రాకపోతే పళ్లతో లాగింది. చెమటకు తడిసిన గింజ కెజియా అరచేతిలో పెట్టింది.

“అమావాస్యకి ముందునుంచీ ఇది నా కొంగులోనే ఉందే. ముందు నీ పేరే అనుకున్నా. అడగటానికే భయమేసింది.”

“నీకు దేనికి భయమెయ్యదులే అక్కా,” అంది కెజియా. రెండు నెలల తర్వాత ఆమె ఏడుపు పదిమంది ముందుకు వచ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. నయోమి మామ్మ కాస్త జరిగి చోటిచ్చింది, అంతే.

ఏడుపు తగ్గాక కెజియా నన్ను ఒళ్లో పెట్టుకుంది. ఖాళీ తవ్వలో తన గింజ వేసింది. కొలిచే అలవాటు కొద్దీ నోరు దానంతటదే అంది: “లాభం.”

మిగిలినవాళ్లు చాపమీద ఏరుకుని ఒక్కొక్కటే వేశారు. ఆ సాయంత్రం నెలవంక కనబడిందో లేదో నాకు తెలియదు. నా మీదికి ఇరవై కళ్లు వంగి ఉన్నాయి. తలలు లెక్కపెట్టొద్దన్నారు గానీ కళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నెలంతా కెజియా ఇంట్లో బియ్యం కొలుస్తాను. నెల తొలినాడు గింజలకు గోడ దాటుతాను. మొన్న అడుగున మిగిలిన ఒక చింతగింజ బియ్యంతో పాటు ఉడికిపోయింది. ఓబేదు పంటికింద రాయనుకుని అరిచాడు. కెజియా దాన్ని కడిగి పక్కన పడేసి, డబ్బాలోంచి కొత్తది తీసి కొంగున ముడేసుకుంది.

అది ఎవరి కోసమో నాకింకా తెలియదు. జారిపోకుండా ఉంటే బాగుండునని భయపడుతూ, నోరు తెరుచుకుని చూస్తున్నాను.