గాలి తిరిగాక

పక్షులు గూళ్లు కట్టే కాలం ఇంకో మూడు రోజుల్లో మొదలవుతుంది. ఆ తర్వాత గడ్డికి నిప్పు పెట్టడానికి వీల్లేదు. వాలులో మట్టి కొట్టుకుపోకుండా పదేళ్లపాటు దున్నడం మానేసి గడ్డి పెంచుతానని వెర్నా హోఫర్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. మధ్యలో ఒకసారి ఆ గడ్డిని పద్ధతిగా కాల్చాలి. ఈ ఏడాది కాల్చకపోతే ఒప్పందమే చిక్కుల్లో పడుతుంది.

"మూడింటికి గాలి తిరగొచ్చంటున్నారు," అంది నేల సంరక్షణ ఆఫీసు నుంచి వచ్చిన కార్లా, ఫోను చూస్తూ. "ఇప్పటికైతే బాగానే ఉంది. మొదలుపెట్టాలో వద్దో మీ ఇష్టం వెర్నా గారూ."

కంచె అవతల పొరుగు రైతు డ్వేన్ టీసెన్ నిలబడి ఉన్నాడు. అతని దూడలు నలభై అక్కడే మేస్తున్నాయి. సర్కారు కాగితమంటేనే గిట్టని మనిషి.

"నా వైపు ఒక్క నిప్పురవ్వ పడినా జవాబు చెప్పాల్సింది నువ్వే వెర్నా. వాళ్లు కాదు."

"రెండున్నరకల్లా అయిపోతుంది. కాసేపు నీ దూడల్ని అవతలికి తోలుకోరాదూ?"

"నా నేల మీద నుంచి నేనెందుకు తోలతాను?"

వెర్నా నిప్పంటించింది.

పై సగం ఒద్దికగా కాలి నల్లబడింది. కింది సగం కాలుతుండగా, ఇంకా రెండైనా కాకముందే గాలి తిరిగింది. మంట, దాన్ని ఆపడానికి గడ్డి కోసి ఉంచిన బాట దాటి, కంచె దాటి డ్వేన్ మేతభూమిలో పడింది. మంట ఆర్పడానికి తెచ్చిన నీళ్ల బండి అటు చివర ఉంది. దూడలు బెదిరి పై మూల, కాలిన సగం పక్కనున్న కంచెకి ఒత్తుకున్నాయి. డ్వేన్ వాటిని దూరంగా ఉన్న గేటు వైపు అదిలిస్తున్నాడు.

గేటు చేరేలోగా మంట వాటిని అందుకుంటుంది. వెర్నా పటకారు తీసుకుని పరుగెత్తి కంచె తీగలు తెంచసాగింది.

"ఇటు తోలు డ్వేన్! కాలిన నేల మీదికి!"

"పొగలోకా? పిచ్చి పట్టిందా నీకు?"

"ఇక్కడ కాలడానికి ఇంకేం లేదు. తోలు."

అతను ఒక్క క్షణం వెనక్కి, మంట వైపు చూశాడు. తర్వాత దూడల వెనక్కి చుట్టి వచ్చి, టోపీతో అదిలించాడు. ఒకటి దూకింది. మిగతావి దాని వెంట వరదలా వచ్చి, మసి రేపుతూ నల్లనేల మీద చెల్లాచెదురయ్యాయి.

నీళ్ల బండి వచ్చి మంట ఆర్పేసరికి అరగంట పట్టింది. ఒక దూడ తెగిన తీగల్లో కాలు చిక్కుకుని, కదల్లేక పొగకి అక్కడే చచ్చిపోయింది.

డ్వేన్ దాని పక్కన చతికిలబడ్డాడు. వెర్నా నీళ్ల సీసా అందించింది.

"గాలి సంగతి తెలిసీ మొదలుపెట్టాను," అంది.

"అవును, పెట్టావు." సగం నీళ్లు తాగి సీసా తిరిగి ఇచ్చాడు. "ముందే తోలమన్నావు. నేను తోల్లేదు."

కార్లా కాగితాలతో వచ్చి నిలబడింది, ఏమని రాయాలో తెలియక.

"జరిగింది జరిగినట్టు రాయమ్మా," అంది వెర్నా. "నా తొందరతో సహా."

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి దూడల్ని వెనక్కి తోలి, తెగిన తీగలు బిగించారు.