సున్నం పోసిన గుంట

పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పనిచేసే పిచ్చియ్య గేదె శనివారం మధ్యాహ్నం మేస్తూ మేస్తూనే కూలిపోయి చచ్చింది. కబురు విని యోహాను కత్తి తీసుకుని వచ్చాడు. ఆదివారాలు ఆ పేటలో పెద్దమాంసం అమ్మేది అతనే.

"ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది బావా. ఇప్పుడే కోద్దాం," అన్నాడు.

పిచ్చియ్య సరేనన్నాడు. అతని భార్య ఎల్లమ్మ మాత్రం గేదె ముక్కు చూపించింది. నల్లటి నెత్తురు గడ్డకట్టకుండా కారుతోంది.

"ఇదేందన్నా? చచ్చిన గొడ్డుకి నెత్తురు ఇట్టా కారుద్దా?"

యోహాను వంగి చూసి వెనక్కి జరిగాడు.

"దొమ్మరోగం లాగుంది. కోసినోడికీ తిన్నోళ్లకీ కూడా అంటుకుద్ది. ఎవరూ ముట్టుకోమాకండి."

పశువుల డాక్టరు వచ్చి, చెవి దగ్గర ఒక చుక్క నెత్తురు తీసుకుని, కళేబరాన్ని కోయకుండా, మీద సున్నం పోసి లోతుగా పూడ్చమన్నాడు. పిచ్చియ్య బట్టీ నుంచి సున్నం తెచ్చాడు. యోహాను దగ్గరుండి గుంట తవ్వించాడు.

మర్నాడు కొట్టు తెరవలేదని జనం గొణిగారు.

"ఈ వారం పప్పు వండుకోండి," అన్నాడు యోహాను.

పరీక్షలో దొమ్మేనని తేలింది. ఊళ్లో గొడ్లన్నిటికీ టీకాలు వేశారు. మనుషులెవరికీ ఏమీ కాలేదు. ఎల్లమ్మ మాత్రం పెరట్లో ఖాళీ గేదె కొట్టాన్ని చూడలేక చానాళ్లు వెనక తలుపు తీయలేదు.