సాపు ప్రతిలో చుక్కలు

"నీ రాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వే సాపు రాసిపెట్టు" అని పెళ్ళైన మూడో నాడు మొగుడు అన్న మాటకి ఆమె మురిసిపోయింది. ఆ మురిపెం ఇరవై రెండేళ్ళు మింగేసింది. ఆయన పాటలు కడతాడు. ఆ గజిబిజి స్వరాలను ఈమె శుభ్రంగా తిరగరాస్తుంది. ఎక్కడైనా చరణం కుంటుతుంటే తనకు తోచిన నాలుగు స్వరాలు వేసి నిలబెడుతుంది కూడా. పుస్తకం మీద మాత్రం ఒక్కటే పేరు, ఆయనది.

ఎప్పుడో పోయిన ఓ మహా స్వరకర్త ఇల్లు ఇప్పుడు మ్యూజియం. చూద్దాం రమ్మని ఇవాళ మొగుడు తీసుకొచ్చాడు. గడప దాటగానే ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఎవరో ఇప్పుడే లేచి లోపలికి వెళ్ళినట్టుంది.

గైడుగా వచ్చిన అమ్మాయి అద్దాల పెట్టె దగ్గర ఆగింది.

"ఇది ఆయన స్వహస్తాలతో రాసిన ప్రతి. స్వరాల మధ్య ఈ చుక్కలు చూశారా? మౌన బిందువులంటారు. ఇప్పటికీ పాడేవాళ్ళు ఇక్కడ ఆగి ఊపిరి పీలుస్తారు."

"గొప్పవాళ్ళ ఆలోచనే వేరు!" అంటూ మొగుడు చేతులు జోడించాడు.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ చుక్కల సంగతి తనకు తెలియదా? పాలు పొంగినా, అత్తగారు కేకేసినా, పిల్ల ఏడ్చినా, లేచేముందు ఎక్కడ ఆపిందో గుర్తుకి తనూ అదే పెడుతుంది. లేకపోతే తిరిగొచ్చాక వరస తప్పిపోతుంది. సొంత పాట రాసుకుంటున్న మగవాణ్ణి మధ్యలో లేపేదెవరు? ఒక్క పేజీలోనే పదకొండు చుక్కలు. ఈ ప్రతి రాసిన ఇల్లాలి బిడ్డకు ఆ రోజు జ్వరమేమో పాపం. లోకమంతా ఇప్పుడు ఆ జ్వరం దగ్గర ఆగి ఊపిరి పీలుస్తోంది.

"మరి ఆయన భార్య?" అని అడిగింది.

"ఆవిడ గురించి పెద్దగా ఏమీ దొరకలేదండీ. ఆయనకి ఏ లోటూ రానివ్వలేదట" అంది గైడు.

మెడ వెనక ఎవరో నిట్టూర్చినట్టయింది. తిరిగి చూస్తే ఖాళీ వంటగది గుమ్మం. ఆమెకు భయం వెయ్యలేదు, తనూ ఇన్నేళ్ళు అలాగే ఊరుకున్నందుకు సిగ్గేసింది.

"పద పద" అన్నాడు మొగుడు గడియారం చూసుకుని. "సాయంత్రానికి ఆ చివరి పాట సాపు చేసెయ్యాలి. రెండో చరణంలో ఖాళీ ఉంది, నీకు తోచింది వేసి పూడ్చు. రేపు అచ్చుకి ఇవ్వాలి."

"పూడుస్తాను. అది కట్టింది నేనని పక్కన నా పేరు రాస్తాను. వద్దంటే ఆ ఖాళీతోనే అచ్చు వేయించుకోండి."

ఆయన గైడు వైపు చూసి ఇబ్బందిగా నవ్వాడు. "ఏంటే ఇది, నలుగురిలో? ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"లేదండీ, ఇక్కడే తేల్చండి. ఈ ఇంటావిడ కూడా వినాలి."