నాన్నకి కుట్టినట్టే

టప్.

కిటికీ ఊచకి వేలాడుతున్న నూలు పైజామా అంచు నుంచి ఒక చుక్క.

టప్... మళ్లీ ఒకటి.

పొద్దున్న ఆరింటికి తడిపి వేసింది. ఇప్పుడు పదకొండు. బయట ముసురు. గాలిలోనే తడి. ఎవరో మరమ్మతుకిచ్చి మరిచిపోయిన పాత పైజామా అది. తాగిన నీళ్లని వదలనంటోంది. పక్కనే, అదే ఊచకి, అదే వేళకి తడిపి వేసిన జారుడు బట్ట ముక్క — ఆటగాళ్ల లాగులు కుట్టే రకం — ఏడింటికే ఆరిపోయింది. గాలి వచ్చినప్పుడల్లా ఎగురుతోంది. తేలిగ్గా... ఏ పాపమూ ఎరగనట్టు.

దర్జీ తన కుర్చీలో కూర్చుని రెంటినీ చూస్తోంది.

ఇరవై ఆరేళ్లుగా ఈ గది ఆమెది. వీధి వైపు తలుపు, తలుపు పక్కన మిషను, వెనక గోడకి బట్టల అరలు. అరల పక్క నుంచి పైకి పంతొమ్మిది మెట్లు. పైన వదిన, వదిన కూతురు. ఇంటికీ వీధికీ ఆమె పేరు బుల్లి. అన్న పెట్టిన పేరు. యాభై రెండేళ్లొచ్చి, మోకాళ్లు పట్టేసి, కళ్లజోడు ముక్కు మీదికి జారుతున్నా ఇంకా బుల్లే.

అన్న లేడు. పేరుంది.

రేపు తెల్లవారగానే మేనకోడలు బయల్దేరుతుంది. ఇరవై రెండు రోజుల కాలినడక. కొండల అవతలి పుణ్యక్షేత్రానికి. నాలుగేళ్ల కిందట అన్న పట్టిన దారి. తొమ్మిదో రోజున, కనుమ దగ్గర, అన్న ఆగిపోయిన దారి.

మిగిలిన దారి తను నడుస్తానంటుంది పిల్ల. వద్దని ఎవరు చెప్పినా వినలేదు. తల్లి ఏడ్చింది, బతిమాలింది, రెండు రోజులు మాట్లాడటం మానేసింది. చివరికి తనే సంచీ సర్దటానికి కూర్చుంది.

వారం కిందట పిల్ల ఈ గదిలోకి వచ్చి, పై అర లోంచి ఒక మూట దించింది. అన్న బట్టలు కుట్టగా మిగిలిన నూలు బట్ట. అదే తాను. అదే మట్టిరంగు. మిషను మీద పెట్టి ఒక్క మాటే చెప్పింది.

"నాన్నకి కుట్టినట్టే కుట్టత్తా."

వారమైంది.

కత్తెర తీయటం... పెట్టేయటం. టేపు పరచటం... చుట్టేయటం. దారం రంగు కుదరలేదని ఒకరోజు. సూది విరిగిందని ఒకరోజు. మిషను మొరాయిస్తోందని ఒకరోజు. మిషను పాపం నూనె వేసినట్టు నడుస్తోంది.

మొరాయిస్తున్నది చేతులు.

నాన్నకి కుట్టినట్టే.

అన్నకి ఎలా కుట్టిందో ఆమెకి తెలుసు. ఆమెకొక్కదానికే తెలుసు.

తన కుట్టు ఊడిందని ఈ వీధిలో ఇంతవరకూ ఎవరూ వెనక్కి రాలేదు. అది ఆమె గర్వం. ఇరవై రెండు రోజులు నడిచే పైజామా కదా అని, అన్న కదా అని, తొడల మధ్య అతుకుని మడిచి కుట్టింది. మడిచినదాన్ని మళ్లీ మడిచింది. సంచులు కుట్టే లావు దారంతో జంట కుట్లు వేసింది. ఏనుగులు లాగినా ఊడదు పో అంది. అన్న నవ్వాడు. వేసుకుని ఈ గదిలోనే అటూ ఇటూ నడిచి, దొరబాబులా ఉన్నానా అని అడిగాడు.

పొడిగా ఉన్నప్పుడు అది అతుకు.

తడిస్తే — తాడు.

అయిదో రోజు నుంచి వాన పట్టుకుంది. తడిసిన నూలు ఆరలేదు. ఆరని బట్టలోనే నడక. అడుగడుగుకీ ఆ తాడు ఒకే చోట ఒరుసుకుంది. రోజుకి ఎన్ని వేల అడుగులు... ఎన్ని వేల సార్లు...

ఎనిమిదో రోజు సాయంత్రం ఫోన్ చేశాడు. గొంతులో నవ్వుంది. నవ్వు కింద ఇంకేదో ఉంది. తొడలు పచ్చిపుండ్లయ్యాయనీ, కాళ్లు ఎడంగా పెట్టి బాతులా నడుస్తున్నాననీ, గుంపుకి బాగా వెనకబడిపోతున్నాననీ చెప్పాడు. మీ వదినకి చెప్పకు, బెంగపెట్టుకుంటుంది అన్నాడు. ఆమె ఏమనుకుంటుందో కనిపెట్టి తనే అన్నాడు.

"నీ కుట్టు గట్టిదేనే బుల్లీ. నా తోలే పలచన."

మర్నాడు గుంపు మధ్యాహ్నానికే కనుమ దాటింది. వాన ఆ తరవాత విరుచుకుపడింది. గాలితో. మంచు లాంటి చలితో. అన్న ఇంకా ఇవతలే ఉన్నాడు. తడి బట్టల్లో. ఒక్కడూ.

రెండు రోజులకి ఒక బండ చాటున కనిపించాడు. కూర్చునే ఉన్నాడట. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు.

వదిన అడిగింది. చివర నీతోనే కదా మాట్లాడాడు, ఏమన్నాడు బుల్లీ అని.

బాగానే ఉన్నానన్నాడు వదినా.

అంతే చెప్పింది. ఆ ఒక్క ముక్కనీ వదిన నాలుగేళ్లుగా కొంగున కట్టుకుని బతుకుతోంది. వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెబుతుంది. చివరిదాకా బాగానే ఉన్నాడట, వానే తీసుకుపోయింది అని.

అన్న బట్టల సంచీ ఇంటికొచ్చినప్పుడు ముందు విప్పింది బుల్లే. పైజామా తిరగేసి చూసింది. లోపలి వైపు, అతుకు పొడవునా, గోధుమరంగు మరక. వదిన మెట్లు దిగేలోపు నీళ్లలో ముంచేసింది. రుద్దింది. చేతులు మండేదాకా రుద్దింది.

ఒక్క కుట్టూ ఊడలేదు.

టప్.

పన్నెండింటికి గుంపు పెద్ద వచ్చాడు. గొడుగు ముడిచి, గుమ్మంలో కాళ్లు దులిపి, బట్టలు కుట్టటం అయిందా అని వాకబు చేశాడు. ఏటా నలభై మందిని నడిపించే మనిషి. అందరూ ఒకే రకం నూలు వేసుకోవాలన్నది ఆయన పట్టుదల. నడకలో ఎక్కువా తక్కువా కనపడకూడదట. ఒంటికి కష్టం తెలియాలట. చెబుతున్నంతసేపూ బుల్లి ఆయన కాళ్లకేసే చూసింది. అరచేతి మందం మెత్తటి అడుగున్న బూట్లు. కష్టం ఒంటికేగాని పాదాలకి అక్కర్లేదు కాబోలు.

ఊచకి ఎగురుతున్న జారుడు బట్టని ఆయన చూశాడు.

"అమ్మాయికి అది మాత్రం కుట్టకమ్మా. అది వేసుకొస్తే మొదటి మలుపులోనే వెనక్కి పంపేస్తాను. తరవాత నన్ననుకుని లాభం లేదు."

వెళ్లిపోయాడు. గొడుగు కార్చిన నీళ్లు గుమ్మంలో మిగిలాయి.

బుల్లి ఆ నీళ్లకేసి చూస్తూ నిలబడింది.

వెనక్కి పంపేస్తాడు.

మొదటి మలుపులోనే.

అంటే... అది కుడితే చాలు. పిల్ల వెళ్లదు. కనుమ రాదు. వాన రాదు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

వారం రోజులుగా మొరాయించిన చేతులు దారికొచ్చాయి. జారుడు బట్ట పరిచింది. సుద్దతో గీసింది. కత్తెర సర్రున పోయింది. తొడల మధ్య అతుకే రాకుండా నాలుగు పలకల ముక్క వేసింది. కుట్లన్నీ పక్కలకి నెట్టేసింది. లోపల చెయ్యి పెట్టి తడిమితే ఎక్కడా గీత తగలదు. పసిబిడ్డ చెంపలా ఉంది. జీవితంలో ఇంత బాగా ఏదీ కుట్టలేదు.

ఇంత పిరికిగా కూడా.

మూడింటికి మేనకోడలు వచ్చింది. కళ్లజోళ్ల దుకాణంలో పని పిల్లది. అద్దం మీద వెంట్రుకంత గీతని ఆరడుగుల దూరం నుంచి పడుతుంది. గడపలో నిలబడే మిషను మీదికి చూసింది. చూసి, తడి చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చింది. పైజామా తీసి తిరగేసింది. వేలితో అతుకుల వెంట నడిచింది.

ఈ మిషను కింద కూర్చుని గుడ్డముక్కలతో ఆడుకుంటూ పెరిగిన పిల్ల. కుట్టు చదవటం అక్షరాల కన్నా ముందు నేర్చింది.

"ఇది నాన్నది కాదు."

నూలు చాలలేదంది బుల్లి. పిల్ల మూట విప్పి కొలిచింది. ఇద్దరికి చాలినంత ఉంది. చెదలు తగిలాయంది. పిల్ల బట్ట ఎత్తి వెలుతురుకి పట్టింది. చిన్న కన్నం కూడా లేదు. ఇదైతే తొందరగా ఆరుతుంది కదే అంది. అది మాత్రం నిజం.

"గుంపు పెద్ద నన్ను వెనక్కి పంపుతాడని తెలిసే కుట్టావు కదూ?"

బుల్లి కత్తెర తీసి అరలో పెట్టింది.

"అమ్మ ఏడ్చింది, ఎదురుగా ఏడ్చింది. నువ్వు ఇలా వెనకనుంచి... నాకు గంతలు కట్టలేవత్తా. కళ్లే నా తిండి. చెప్పు, ఎందుకు?"

మిషను చక్రం మీద చెయ్యి వేసి కూర్చుంది బుల్లి. చక్రం చల్లగా ఉంది. బయట ఎవరో సైకిలు నడిపించుకుంటూ పోయారు. వాన కొంచెం పెద్దదైంది.

చెప్పింది.

మడత మీద మడత అని చెప్పింది. లావు దారం అని చెప్పింది. ఎనిమిదో రోజు ఫోను. బాతునడక. మరక. నీళ్ల బకెట్టు. పొల్లు పోకుండా... ఎవరిదో కథ చెబుతున్నట్టు, వేరే ఎవరో దర్జీ, వేరే ఎవరో అన్న. తోలు పలచన అన్న మాట దగ్గర ఆగింది. అదీ చెప్పింది.

పిల్ల ఏడవలేదు. అందుకే బుల్లికి భయమేసింది.

మెట్లకేసి చూస్తూ అడిగింది.

"అమ్మకి తెలుసా?"

"లేదే."

"నాలుగేళ్లు అమ్మ చేతి అన్నం తిన్నావు."

బుల్లి తల దించుకుంది. పైన గిన్నెలు సర్దుతున్న చప్పుడు. వదిన ఏదో కూనిరాగం తీస్తోంది. సంచీ సర్దేటప్పుడు తీసే రాగం.

పిల్ల నూలు మూట తెచ్చి మిషను మీద పెట్టింది. జారుడు బట్ట పైజామాని మడిచి పక్కకి జరిపింది. కోపంగా కాదు. జాగ్రత్తగా.

"కుట్టు."

"అమ్మడూ—"

"నాన్నకి కుట్టినట్టే. ఆ మడతే. ఆ దారమే. ఒక్క కుట్టు తేడా వచ్చినా నాకు తెలుస్తుంది."

కుట్టింది.

పిల్ల ఎదురుగా నిలబడి చూస్తుంటే కుట్టింది. మడిచింది. మళ్లీ మడిచింది. చేతులకి దారి గుర్తుంది. సూది ఆ మందంలో దిగటానికి మూలిగింది. దారం బిగిసింది. ఒక గంట. నాలుగేళ్లు.

పిల్ల అందుకుంది. అరల వెనక్కి వెళ్లి వేసుకొచ్చింది. పెరటి తలుపు తీసి, కుళాయి కింద బకెట్టు నింపి, నడుము మీంచి కుమ్మరించుకుంది. బట్ట నల్లబడి ఒంటికి కరుచుకుంది.

ఆ నీళ్లతోనే లోపలికొచ్చింది. అత్త మొహం చూడలేదు. మెట్ల దగ్గరికెళ్లి ఎక్కటం మొదలుపెట్టింది.

పంతొమ్మిది పైకి.

పంతొమ్మిది కిందికి.

మళ్లీ పైకి.

ఏం చేస్తున్నావే అంటే ఎక్కింది. జలుబు చేస్తుందే అంటే దిగింది. బుల్లి మెట్ల మొదట్లో నిలబడింది. లెక్కపెట్టింది. పది సార్లు... ఇరవై సార్లు... వెలుతురు మెల్లిగా పసుపు తిరిగింది. ముప్ఫై అయిదు. పిల్ల పెదవి కొరుక్కుంది. నలభై. అడుగుల చప్పుడు మారింది. ఇందాకటిదాకా టకటక. ఇప్పుడు ఒకటి బరువుగా, ఒకటి ఈడ్చుకుంటూ.

యాభై.

కాళ్లు ఎడమయ్యాయి.

కొద్దిగా. చూసే కళ్లకే తెలిసేంత. వెనక నుంచి చూస్తే ఆ నడక... ఆ భుజాలు... అచ్చం అన్నే.

"చాలమ్మా. చాల్లే, తెలిసిందిగా."

పిల్ల ఆగలేదు. "నాన్న ఎక్కడ ఆగాడో నాకింకా తెలీలేదత్తా" అంది. అరిచి కాదు. ఊపిరి మధ్య, మెల్లిగా.

బుల్లి గదిలోకి పరుగెత్తింది. జారుడు బట్ట పైజామా తెచ్చింది. మళ్లీ మెట్ల మొదట్లో నిలబడింది. రెండు చేతులతో పట్టుకుని. దూదిలా ఉంది చేతుల్లో. ఇది వేసుకుంటే గుంపు లేదు. ఒంటరిగా నడవాలి. ఆ నూలు వేసుకుంటే గుంపుంది. కనుమ దాకా. పిల్ల దిగినప్పుడల్లా చెయ్యి చాపింది. పిల్ల ఆ చేతిని చూసింది, తీసుకోలేదు, తోసెయ్యలేదు. తిరిగి ఎక్కింది.

పైన రాగం ఆగింది.

తలుపు తెరుచుకుంది. వదిన. చేతిలో సగం మడిచిన తువ్వాలు. మెట్ల మీద నీళ్లు చూసింది. గోడకి చెయ్యి ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి ఎక్కుతున్న కూతుర్ని చూసింది. కూతురి ఒంటి మీది మట్టిరంగు పైజామాని చూసింది. ఆ చూపు ఒక్కొక్క మెట్టే దిగి, అడుగున నిలబడ్డ ఆడపడుచు దగ్గర ఆగింది.

"ఏమైందే బుల్లీ దీనికి? ఎందుకలా నడుస్తోంది?"

పిల్ల మధ్య మెట్టు మీద ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. తల్లికేమీ చెప్పలేదు. వింటోంది. వీపుతో వింటోంది.

బుల్లి పెదాలు కదిలాయి.

వదినా...

పిల్ల పైజామా అంచు నుంచి ఒక చుక్క కింది మెట్టు మీద పడింది.

టప్.

ఆ కింది మెట్టు మీద, ఇంకొకటి.