రెండో గీత

ఆ ఊళ్ళో మొక్కల సెలవు ఎలా మొదలైందో అడిగితే ఎవరైనా చెబుతారు, కాస్త ఉప్పూ కారం జోడించి మరీ చెబుతారు. ఒక దర్జీ ఈదురుగాలిలో ఒంటరిగా మొక్క నాటుతూ నానా అవస్థ పడుతున్నాడట. మొక్కని నిలబెడితే మట్టి వేయడానికి చెయ్యి లేదు, మట్టి వేయబోతే మొక్క పడిపోతోంది. మూడేళ్ళుగా అతనితో మాటల్లేని తాళాలు బాగుచేసే ఆయన ఎదురు దుకాణంలోంచి వచ్చి, నోరు విప్పకుండా మొక్క పట్టుకున్నాడట. అందుకే ఏటా ఆ రోజున ఆఫీసులన్నీ మూసేసి, మొక్కకి ఇద్దరు చొప్పున నాటుతారు.

ఆ 'ఇద్దరు' అన్న మాటకి కాపలాదారు మునిసిపల్ గుమాస్తా. పార్కు గేటు దగ్గర బల్ల వేసుకుని, మొక్కకి కట్టే, రెండు గీతలున్న రేకు బిళ్ళ మీద రెండు పేర్లు రాస్తేగానీ మొక్క చేతికివ్వడు. సొంత బావమరిది వచ్చినా సరే, జంట లేకపోతే వెనక్కే. సాయంత్రం బల్ల సర్దేశాక ఒక మొక్కని తనూ భార్యా నాటేవారు. ఆవిడ పట్టుకునేది, ఈయన మట్టి వేసేవాడు, వంకరపోయిందని ఆవిడ సణిగేది. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి.

మొన్న చలికాలంలో ఆవిడ పోయింది.

అయినా ఈసారీ ఒక మొక్కని బల్ల కింద దాచాడు. ఆవిడ పేరు చెప్పుకుని అది ఇవాళ నాటి తీరాలి. పట్టుకునే మనిషే లేడు. పక్క సీటు గుమాస్తాని అడిగితే, ఇప్పుడే వస్తానని వెళ్ళి అటునుంచి అటే పోయాడు. చూస్తూండగానే పార్కు పల్చబడింది. గుంట దగ్గర మొక్కని నిలబెట్టి చూశాడు, అది వాలిపోయింది. ఇంటికి పోదామనుకున్నాడు. అక్కడా తనొక్కడే అని గుర్తొచ్చి ఆగిపోయాడు.

అప్పుడు కనిపించింది సంచి ఆవిడ. అది ఆయన మనసులో పెట్టుకున్న పేరు. నాలుగేళ్ళుగా గుడ్డసంచి భుజాన వేసుకుని ఒంటరిగా వచ్చి మొక్క అడిగేది. ఇంకొకరు ఉండాలమ్మా అని ఈయన అనేవాడు. సరేనని వెళ్ళిపోయేది. ఈసారి అడగలేదు, ఊరికే నిలబడి చూస్తోంది.

"అమ్మా, ఒక్క నిమిషం ఇది పట్టుకుంటారా?" అన్నాడు గుమాస్తా, మొహమాటపడుతూ.

ఆవిడ సంచి కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని మొక్కని నిటారుగా పట్టుకుంది. ఆయన మట్టి వేశాడు. ఎవరూ సణగలేదు. పని అయ్యాక ఆవిడ చేతులు దులుపుకుంటూ మెల్లగా అంది.

"ఏటా తిరిగి వెళ్ళేటప్పుడు అనుకునేదాన్ని, మీరు పట్టుకుంటే సరిపోతుంది కదా అని."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. దర్జీ కథ ఊళ్ళో అందరికంటే ఎక్కువసార్లు చెప్పిన మనిషికి ఆ ఆలోచన ఒక్కసారైనా తట్టలేదు. సిగ్గుతో తలొంచుకుని బిళ్ళ తీసి, మొదటి గీత మీద తన పేరు రాశాడు. రెండో పేరు అడుగుదామని, వచ్చే ఏడు మీ మొక్క నేను పట్టుకుంటానని చెబుదామని తలెత్తేసరికి, ఆవిడ కుళాయి దగ్గర చేతులు కడుక్కుని గేటు దాటుతోంది.

లేచాడు. ఏమని పిలవాలో తెలియలేదు. "అమ్మా" అన్నాడు.

గేటు దగ్గరున్న నలుగురైదుగురు ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ మాత్రం చూడలేదు.