గుక్క తిప్పుకోకుండా

పెళ్లయిన ముప్పై ఒక్కేళ్లలో గుమాస్తాగారి భార్య మొదటిసారి శాంతించింది. మునుపైతే తడి తువ్వాలు మంచం మీద పడేస్తే చాలు, ఆ తువ్వాలుతో మొదలుపెట్టి, అత్తగారి పెంపకం మీదుగా, ఆడపడుచుల దాకా గుక్క తిప్పుకోకుండా వాయించేది. ఇప్పుడు "మళ్లీ... తువ్వాలు..." అని ఊరుకుంటోంది.

"మనిషిని మార్చాలంటే ఓపిక ఉండాలోయ్," అని ఆఫీసులో పక్క సీటాయనకి పాఠం కూడా చెప్పాడు గుమాస్తా. పక్క సీటాయన నోట్సు రాసుకోలేదు గానీ, రాసుకున్నంత పని చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం చూస్తే ఆవిడ కుర్చీలోనే కూర్చుని కునుకు తీస్తోంది.

"మంచం మీద పడుకోవచ్చుగా?"

"పడుకుంటే... ఊపిరి... ఆడట్లేదు."

మూడు మాటలకి రెండుసార్లు ఆగింది. తగ్గింది కోపం కాదని అప్పుడు తెలిసింది ఆయనకి.

డాక్టరమ్మ ఆవిడ వీపు మీద వేళ్లతో తట్టింది. ఎడమవైపు డొల్లగా మోగింది. కుడివైపు నిండు బిందెలా మొద్దుగా పలికింది. స్కానింగ్ చూసి, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని సూదితో లీటరు తీసింది. నాలుగేళ్ల కిందట ఆపరేషన్ చేయించుకున్న రొమ్ము క్యాన్సర్ కణాలే ఆ నీటిలో బయటపడ్డాయి.

"క్యాన్సర్ని పూర్తిగా పంపించేస్తానని చెప్పనమ్మా. మందులు మారుస్తాను. ఆయాసం సంగతి మాత్రం చూస్తాను," అంది డాక్టరమ్మ.

పది రోజులకి నీరు మళ్లీ చేరింది. చేరినప్పుడల్లా ఆసుపత్రికొచ్చి సూది పొడిపించుకోవాలి, లేదా పక్కటెముకల మధ్య సన్నటి గొట్టం పెట్టించుకుని, రోజు విడిచి రోజు ఇంట్లోనే సీసాలోకి దించుకోవాలి.

"ఇంట్లోనే," అంది ఆవిడ.

"ఎవరు తీస్తారు?" అంది నర్సు.

"అదే... ఈయన బల్బు మార్చాలన్నా... మనిషిని పిలుస్తారు."

"నేను తీస్తాను," అన్నాడు గుమాస్తా. ఆ మాట ఎవరన్నారా అని ఆయనే ఓసారి వెనక్కి చూసుకున్నాడు.

గొట్టం పెట్టాక నర్సు ఆయన చేత నాలుగుసార్లు చేయించింది. ఆయన పదకొండు అంశాలుగా రాసుకుని, కింద సంతకం పెట్టి తేదీ వేశాడు.

ఇంట్లో మొదటి రోజు సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగాడు.

"అరిగిపోతాయి..." అంది ఆవిడ.

చేతి తొడుగులేసుకుని, గొట్టం మూతి శుభ్రంగా తుడిచి, సీసా తగిలించి, క్లిప్పు మెల్లగా వదిలాడు. పల్చటి టీ రంగు నీరు దిగింది. మూడొందల మిల్లీలీటర్లు, నాలుగొందలు. ఆవిడ దగ్గింది. తన ఊపిరి కూడా బిగబట్టి క్లిప్పు మూశాడు. దగ్గు ఆగాక మళ్లీ వదిలాడు. ఆరొందల దగ్గర ఆపి, మూత పెట్టి, కట్టు కట్టాడు.

ఆవిడ కాసేపు కూర్చుంది. తర్వాత మంచం దగ్గరకెళ్లి, దిండు పక్కకి నెట్టి, వెల్లకిలా పడుకుంది. పైకప్పు కేసి చూసింది.

"ఏమండీ, ఆ బూజు ఎన్నాళ్ల నుంచి వేలాడుతోంది అక్కడ, నేను రెండు నెలలు కుర్చీలో కూర్చుంటే ఈ ఇంట్లో తలెత్తి చూసే నాథుడే లేడా, ఓ కర్రకి చీపురు కట్టి దులపడానికి కూడా మీకు సెలవు శాంక్షన్ కావాలా, ఎవరైనా ఇంటికొచ్చి చూస్తే పోయేది మీ పరువా నా పరువా?"

గుమాస్తా నీరు దించిన సీసా పట్టుకుని, పందెంలో కప్పు గెలిచినవాడిలా నిలబడి విన్నాడు. ఎక్కడా ఆగలేదు ఆవిడ. ఇప్పుడు ఆగిపోతుందేమోనని భయమేసి, వేలెత్తి చూపించాడు.

"ఆ మూల ఇంకోటి ఉంది చూడు."