వరదరాజులు పక్క కుర్చీ

పెద్దబజారులో పాత్రల కొట్టు తెరవగానే అలివేలుమంగ చిన్న ఉలీ సుత్తీ పట్టుకుని మూలన పీట వేసుకుంటుంది. నిన్న అమ్ముడుపోయిన బిందెలకీ చెంబులకీ పేర్లు చెక్కడం ఆమె పని. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన అరవ ఊరది; తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికే, రాయడం మాత్రం అరవంలోనే. పదకొండు గంటలకి పోస్టుమేన్ వీధి దాటేదాకా ఆమె చెవి సైకిల్ బెల్లు మీదే ఉంటుంది. అతను ఆగడు. ఆగక ఏడేళ్ళయింది.

ఆ యేడు, అంటే ఎనభై రెండులో, ఊరి చివర లాస్‌పేటలో కొత్త కళామందిరం కడుతున్నారు. గోడలు లేచాయి గానీ పైకప్పుకి చందాలు చాలలేదు. నెలకో కచేరీ పెట్టినా నిండలేదు. మన ఊళ్ళో గుడికి ట్యూబులైటు ఇచ్చినవాడు కూడా దాని మీద, వెలుగు రాకపోయినా సరే, తన పేరు పొడుగునా రాయిస్తాడు. ఆ సంగతి బాగా తెలిసిన కార్యదర్శి త్యాగరాజన్ గారు కుర్చీల పథకం పెట్టారు. ఇంట్లో పోయినవాళ్ళ పేరు మీద ఒక కుర్చీ ఇస్తే, ఆ పేరు ఇత్తడి రేకు మీద చెక్కించి కుర్చీ వీపుకి బిగిస్తారు. ఆ రేకులన్నీ అలివేలు చేతి మీదుగానే వెళ్ళాయి.

కుర్చీలు వేశాక జరిగిన మొదటి కచేరీకే, చనిపోయినవాళ్ళంతా వచ్చి ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు. దీపం వెలిగించే వేళకి వస్తారు, మంగళం పాడగానే లేచి వెళ్ళిపోతారు, ఎవరితోనూ మాట్లాడరు. త్యాగరాజన్ గారి బాధల్లా వాళ్ళు టిక్కెట్టు కొనరనే. అలివేలు మామగారు వరదరాజులు జరీఅంచు ఉత్తరీయం వేసుకుని ముందు వరసలో కూర్చుని తొడ మీద తాళం వేసేవారు. బతికున్నప్పటిలాగే ఒక దెబ్బ ఆలస్యంగా.

అలివేలు భర్త కేశవులు మృదంగం వాయించేవాడు. డెబ్బై రెండులో సైగాన్‌లో బంధువుల బట్టల కొట్టుకి వెళ్ళాడు. మూడేళ్ళు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత అక్కడ యుద్ధం ముగిసింది, ఉత్తరాలూ ఆగాయి. పారిస్ నుంచి సెలవుల్లో వచ్చిన ఒకాయన, కేశవులుని పారిస్‌లోనే ఒక సంతలో చూశాననీ, భుజం మీద ఒక పసిబిడ్డ ఉందనీ చెప్పాడు. మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారని అలివేలు ఆ మాట కొట్టిపారేసింది. వారం వారం మృదంగానికి గుడ్డ విప్పి తుడిచి మళ్ళీ కట్టేది. కళామందిరం వాళ్ళు అరువడిగినా ఇవ్వలేదు.

ఒకరోజు మరిది పట్టాభి ఖాళీ రేకు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"వదినా, అన్న పేరుతో ఒక కుర్చీ ఇస్తా ఉండాను. నాయన పక్కనే."

"అది పోయినోళ్ళకి కదా?"

"ఏడేండ్లు అయిపోయె. వచ్చి కూర్చున్నాడంటే కర్మ చేసేద్దాము. ఎన్నాళ్ళని నువ్విట్టా ఉంటావు?"

"రాకపోతే?"

"రాకుండా యాడికి పోతాడు?" అన్నాడు పట్టాభి. అతనికి వేరే ఆలోచన రాలేదు.

అలివేలుకి భయం వేసింది. అయినా ఆ పేరుని ఎన్నడూ చెక్కనంత అందంగా చెక్కింది.

ఆ శనివారం భరతనాట్యం. బజారు బజారంతా తరలివచ్చింది. ఇదే ఆఖరిసారి కావచ్చనుకుని అలివేలు పెళ్ళిపట్టు కట్టుకుంది, బొట్టు కాస్త పెద్దదిగా పెట్టుకుంది. దీపం వెలిగింది. పోయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కుర్చీ దులుపుకుని కూర్చున్నారు. వరదరాజులు వచ్చి పక్క కుర్చీ మీది పేరు చూసి కాసేపు నిలబడి, తర్వాత కూర్చున్నారు. పాపం, ఆడే పిల్లని చూసినవాళ్ళు లేరు. అందరి కళ్ళూ ఆ కుర్చీ మీదే. వర్ణం అయింది, పదం అయింది, తిల్లానా మొదలైంది. కుర్చీ ఖాళీగానే ఉంది.

"వదినా! అన్న బతికే ఉండాడు!" అన్నాడు పట్టాభి. వెనక వరస ఆడవాళ్ళు అలివేలు చేతులు పట్టుకుని, నీ తాళి గట్టిదమ్మా అన్నారు. ఎవరో కలకండ పంచారు.

ఏడేళ్ళుగా దేవుణ్ణి ఆమె అడిగింది ఇదే. తీరా ఇచ్చాక, కలకండ నోట్లో కరగకముందే ఆమెకి తెలిసిపోయింది. సాయంత్రం నుంచీ తను మొక్కుకుంటున్నది అతను వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలనే. చచ్చిపోయి ఉంటే ఉత్తరం రాయకపోవడానికి ఒక కారణం ఉండేది. కడుపులో అంత కోపం తనకుందని ఆమెకే తెలియదు.

ముందు వరస దాకా నడిచి వెళ్ళింది. "మామా, ఆయన మీకాడ లేడు కదా?"

వరదరాజులు తాళం ఆపి, లేడన్నట్టు తల అడ్డంగా ఊపారు. కోడలి మొహం చూడలేక ఉత్తరీయం అంచు సర్దుకున్నారు. మంగళం పాడకముందే లేచి వెళ్ళిపోయారు.

సోమవారం పదకొండింటికి సైకిల్ బెల్లు మోగినప్పుడు అలివేలు సుత్తి ఆగలేదు. మధ్యాహ్నం రిక్షా పిలిచి, మృదంగాన్ని గుడ్డతో సహా లాస్‌పేటకి పంపించేసింది.

మరుసటి నెల కచేరీకి అందరికన్నా ముందే వచ్చి, వెంట తెచ్చుకున్న ఉలితో కేశవులు పేరున్న ఇత్తడి రేకు ఊడబెరికి, వరదరాజులు పక్క కుర్చీలో తను కూర్చుంది. మామగారు వచ్చి ఆమెని చూసి, కొంచెం జరిగి, తొడ మీద చెయ్యి పెట్టుకున్నారు. వేదిక మీద కేశవులు మృదంగానికి ఎవరో కుర్రాడు శ్రుతి చేస్తున్నాడు.

త్యాగరాజన్ గారు నొచ్చుకుంటూ దగ్గరికొచ్చారు. "కుర్చీ వీపు బోసిగా ఉందమ్మా. మీ పేరే చెక్కి బిగిద్దామా?"

"పేరెందుకు సార్?" అంది అలివేలు. "నేను బతికే ఉండాను కదా."